పెట్టెకు లైసెన్సా, మనిషికి లైసెన్సా? ఉమ్మడి కంప్యూటర్లు, ఆఫీసు సాఫ్ట్‌వేర్: ఒక చరిత్ర

మీ ఇంట్లో అరవై దాటినవాళ్లు ఉంటే ఒకసారి రేడియో లైసెన్సు గురించి అడిగి చూడండి. రేడియో కొన్నవాళ్లు పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకోవలసిన రోజులు అవి. 1933 నాటి భారత వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేని రేడియోను దగ్గర పెట్టుకోవడమే నేరం. 1980ల మధ్యలో ఈ రుసుము రద్దయ్యేదాకా ఆ పుస్తకాన్ని రేషను కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో దాచేవారు. అదే కాలంలో చాలా ఊళ్లలో పంచాయతీ రేడియో ఉండేది. సాయంత్రం కాగానే మైకు పెట్టి విజయవాడ కేంద్రమో కడప కేంద్రమో తిప్పితే వార్తలూ, రైతుల కార్యక్రమమూ ఊరంతా వినేది. పెట్టె ఒకటి, లైసెన్సు ఒకటి, వినేవాళ్లు ఊరి నిండా. ఇంతమంది వింటున్నారు కదా, తలకొక లైసెన్సు కట్టండి అని ఏ పోస్టుమాస్టరూ అడగలేదు.

ఇప్పుడు అదే అరుగు మీద రేడియోకు బదులు కంప్యూటరును ఊహించండి. నెల్లూరు జిల్లా పడమటి కొసన, వెలిగొండల పాదాల దగ్గర ఉన్న సీతారామపురం మండలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. నెల్లూరు నుంచి ఆత్మకూరు, ఉదయగిరి మీదుగా వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. కాలువ నీరు అందే తీరప్రాంతపు డెల్టాకూ ఈ మెట్టకూ పోలిక లేదు. ఇక్కడ బావిని నలుగురు అన్నదమ్ములు వంతులు వేసుకొని వాడుకోవడం, ట్రాక్టరును ఊరంతా బాడుగకు తిప్పుకోవడం కొత్త విషయాలు కావు. అలాంటి చోట ఒక కంప్యూటరును పదిమంది పిల్లలు పంచుకుంటే, అందులోని వర్డ్, ఎక్సెల్ లాంటి ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కు ఎన్ని లైసెన్సులు కావాలి? ఒకటా, పదా, లేక బడిలో పేరున్న పిల్లలందరి లెక్కా?

ఈ ప్రశ్నకు గత యాభై ఏళ్లలో ఒక్కో దశలో ఒక్కో జవాబు వచ్చింది. ఆ జవాబు మారిన ప్రతిసారీ కంప్యూటరును పంచుకొనేవారి మీద పడే ఖర్చు కూడా మారింది. ఈ పాఠంలో మనం చూడబోయేది ఆ మార్పునే.

1. లెక్కకు యూనిట్ కావాలి

పన్ను వేసేవాడికైనా, వస్తువు అమ్మేవాడికైనా ముందు తేల్చుకోవలసింది దేన్ని లెక్కించాలన్నది. మద్రాసు ప్రెసిడెన్సీలో 19వ శతాబ్దపు ప్రథమార్ధంలో మొహతర్ఫా పన్ను ఉండేది. చేతివృత్తుల మీద, దుకాణాల మీద వేసే ఈ పన్నును నేతవారి విషయంలో మగ్గాల లెక్కన వసూలు చేసేవారు. ఆ మగ్గం మీద ఎవరు కూర్చున్నారన్నది, పొద్దంతా నేశారా పూట మాత్రమే నేశారా అన్నది లెక్కలోకి రాదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వ్యవసాయ మోటార్లకు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల చొప్పున ఒకే రేటు పెట్టింది. అక్కడా లెక్కించింది మోటారునే. అది ఎంత నీరు తోడిందో, ఎంతమంది పొలాలు తడిపిందో చూడలేదు. యంత్రం కంటికి కనబడుతుంది, కదలకుండా ఒకచోట ఉంటుంది. అందుకే లెక్కించేవాడికి అది సుఖం. పంచుకొనేవారికీ అది లాభమే, ఎందుకంటే వాడేవారు పెరిగేకొద్దీ తలా పడే ఖర్చు తగ్గుతుంది.

ఈ విషయం గుర్తుపెట్టుకుంటే మిగిలిన కథ తేలికగా అర్థమవుతుంది.

2. సాఫ్ట్‌వేర్ అమ్మకపు సరుకు అయిన తీరు

కంప్యూటర్లు మొదలైనప్పుడు అవి ఉమ్మడి యంత్రాలే. ఒక గది నిండా పట్టే యంత్రాన్ని ఒక్కరికే కేటాయించే స్తోమత ఎవరికీ లేదు. 1961 నవంబరులో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బటో బృందం ఒకే కంప్యూటరును అనేకమంది వేర్వేరు టెర్మినళ్ల నుంచి ఒకేసారి వాడుకొనే పద్ధతిని ప్రదర్శించింది. దానికి ‘టైమ్ షేరింగ్’ అని పేరు. కాలాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి వంతులవారీగా పంచడమే అందులోని కిటుకు. మన బావి వంతులకూ దీనికీ తేడా ఒక్కటే: ఇక్కడ వంతు సెకనులో ఏ కొద్ది భాగమో ఉంటుంది, కాబట్టి ఎవరికి వారు యంత్రం తమదే అనుకుంటారు.

అప్పటికి సాఫ్ట్‌వేర్‌ను విడిగా అమ్మే అలవాటు పెద్దగా లేదు. యంత్రంతో పాటే ప్రోగ్రాములూ వచ్చేవి. 1969 జూన్ 23న ఐబీఎం సంస్థ యంత్రానికీ సాఫ్ట్‌వేర్‌కూ సేవలకూ వేర్వేరుగా ధర కడతామని ప్రకటించింది. సాఫ్ట్‌వేర్ పరిశ్రమ చరిత్రలో ఈ తేదీని ఒక మలుపుగా చెబుతారు. మన దగ్గర హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ సొంతంగా కంప్యూటర్లు తయారు చేయడం మొదలుపెట్టినదీ ఆ ప్రాంతంలోనే.

1980లలో వ్యక్తిగత కంప్యూటర్లు వచ్చాయి. పంచుకోవడం అనే మాట కొంతకాలం వెనక్కి పోయింది. బల్లకొక యంత్రం, యంత్రానికొక మనిషి. మైక్రోసాఫ్ట్ ఆఫీసు 1989లో మాకింటోష్ కంప్యూటర్ల కోసం, 1990లో విండోస్ కోసం విడుదలైంది. పెట్టెలో డిస్కులు వచ్చేవి. వాటిని ఒక కంప్యూటరులో ఎక్కించుకోవచ్చు. యంత్రం, మనిషి, లైసెన్సు మూడూ ఒకటొకటే కాబట్టి దేన్ని లెక్కిస్తున్నామన్న ప్రశ్న రాలేదు.

చట్టం కూడా ఈ కాలంలోనే సర్దుకుంది. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో 1984 సవరణ ద్వారా కంప్యూటర్ ప్రోగ్రాము ‘సాహిత్య రచన’ నిర్వచనంలోకి చేరింది. మహాకవి ఖండకావ్యమూ, జీతాల పట్టీ వేసే ప్రోగ్రామూ చట్టం కంటికి ఒకే వరుసలో కూర్చున్నాయన్నమాట! 1994 సవరణతో 63బి సెక్షన్ వచ్చింది. అక్రమ ప్రతి అని తెలిసీ ప్రోగ్రామును కంప్యూటరులో వాడితే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 ఏళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. లాభం కోసం గాని, వ్యాపారంలో గాని వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా 50,000 లోపు జరిమానాతో సరిపెట్టవచ్చు. బడుల సంగతి ఆలోచించేటప్పుడు ఈ చివరి వాక్యం పనికివస్తుంది. అయినా చట్టం నిషేధించేది అక్రమ ప్రతిని. సక్రమంగా కొన్న ఒక ప్రతిని పదిమంది ఒకేసారి వాడుకోవచ్చా అన్నది చట్టంలో ఉండదు. అది కంపెనీ రాసిన లైసెన్సు ఒప్పందంలో ఉంటుంది. మనం ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కేది ఆ ఒప్పందాన్నే.

3. టెర్మినల్ తిరిగి వచ్చింది

1990ల నాటికి వ్యక్తిగత కంప్యూటర్లు ఎంత బలం పుంజుకున్నాయంటే, ఒక మనిషి ఉత్తరం టైపు చేస్తే యంత్రం శక్తిలో చాలా భాగం ఖాళీగా ఉండిపోయేది. మళ్లీ పంచుకోవచ్చు కదా అన్న ఆలోచన వచ్చింది. సిట్రిక్స్ అనే సంస్థ 1995లో విన్‌ఫ్రేమ్ అనే ఉత్పత్తితో విండోస్‌ను అనేకమంది ఒకేసారి వాడుకొనేలా చేసింది. 1997లో మైక్రోసాఫ్ట్ ఆ సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని, మరుసటి ఏడాది తన సొంత టెర్మినల్ సర్వరును విడుదల చేసింది. మీ ముందున్న తెర మీద కనిపించే కంప్యూటరు నిజానికి వేరేచోట సర్వరులో నడుస్తుంటుంది. మీరు నొక్కిన మీటలు అక్కడికి వెళతాయి, అక్కడి బొమ్మ ఇక్కడికి వస్తుంది. ఇవాళ మనం వర్చువల్ డెస్క్‌టాప్ అంటున్నదానికి మూలం ఇదే.

ఇక్కడే లెక్క తిరగబడింది. సర్వరు ఒకటే కాబట్టి ఆఫీసు సాఫ్ట్‌వేర్ ఒక్కసారే ఎక్కుతుంది. యంత్రాన్ని లెక్కిస్తే ఒక్క లైసెన్సు చాలాలి, పంచాయతీ రేడియోలాగా. అమ్మేవాడు దీనికి ఒప్పుకోడు కదా! అందుకే ఒప్పందంలో యూనిట్ మారింది. సాఫ్ట్‌వేర్ ఎక్కడ ఎక్కింది అన్నది వదిలేసి, దాన్ని ఏ పరికరం నుంచి చూస్తున్నారు అన్నది లెక్కలోకి తెచ్చారు. సర్వరులోని ఆఫీసును పది టెర్మినళ్ల నుంచి తెరిస్తే పది ఆఫీసు లైసెన్సులు. దుకాణంలో పెట్టెగా కొన్నది గాని, కొత్త కంప్యూటరుతో పాటు వచ్చినది గాని ఇందుకు చెల్లదు. సంస్థలకు మొత్తంగా అమ్మే వాల్యూమ్ లైసెన్సు కావాలి. దీనికి తోడు సర్వరును తాకినందుకు ఒక క్లయింట్ యాక్సెస్ లైసెన్సు (వాడుకలో ‘క్యాల్’), టెర్మినల్ సేవ వాడుకున్నందుకు మరో క్యాల్. 2003 సర్వరు నుంచి ఈ టెర్మినల్ క్యాల్‌ను పరికరం లెక్కనైనా, మనిషి లెక్కనైనా కొనుక్కొనే వీలు కల్పించారు. ఈ చిన్న వెసులుబాటు ఎంత పెద్ద విషయమో తరువాతి భాగంలో తెలుస్తుంది.

4. 5,000 బడులు, 50,000 సీట్లు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2008లో 5,000 ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు విద్యను ప్రవేశపెట్టింది. కేంద్ర ప్రభుత్వ పథకం కింద నిధులు. ప్రైవేటు సంస్థలు ల్యాబు కట్టి, సొంతంగా ఐదేళ్లు నడిపి, ఆ తరువాత బడికి అప్పగించే పద్ధతి. మీలో కొందరు ఆ ల్యాబుల్లోనే మొదటిసారి మౌసు పట్టుకొని ఉంటారు.

ఆ ల్యాబుల్లో ఒక విశేషం ఉంది. తెరలూ కీబోర్డులూ చాలా ఉన్నా, వాటి వెనక అసలు కంప్యూటర్లు కొద్దిగానే ఉండేవి. మిగిలినవి ఎన్‌కంప్యూటింగ్ అనే కాలిఫోర్నియా సంస్థ తయారుచేసిన, అరచేతిలో పట్టే చిన్న డబ్బాలు. అసలు కంప్యూటరులో ఒక కార్డు బిగించి, దాని నుంచి తీగలు లాగి, ఒక్కో డబ్బాకు తెర, కీబోర్డు, మౌసు తగిలిస్తే ఒక సీటు తయారు. ఖాళీగా పడి ఉండే యంత్రశక్తిని పంచుకోవడమే అందులోని సూత్రం. ఆంధ్రప్రదేశ్‌లో 5,000 బడుల్లో 50,000 సీట్లు, 18 లక్షల మంది విద్యార్థులు అని ఆ సంస్థ అప్పట్లో ప్రకటించుకుంది. ఒక్కో డబ్బాకు సుమారు ఒక వాటు కరెంటు సరిపోతుందని కూడా చెప్పింది. కోతలు తప్పని పల్లె బడికి ఇది చిన్న విషయం కాదు. ఇన్వర్టరు మీద నడిపే ల్యాబులో ఎన్ని వాట్లు తగ్గితే అన్ని నిమిషాల పాఠం మిగులుతుంది. దీని మరో ముఖం కూడా చెప్పాలి: అసలు కంప్యూటరు మొరాయిస్తే దాని మీద ఆధారపడిన సీట్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి. బావిలో మోటారు కాలితే వంతులవాళ్లందరి పైరూ ఎండినట్టు.

సంస్థ చెప్పిన అంకెలను భాగహారం చేసి చూడండి. బడికి 10 సీట్లు, 360 మంది పిల్లలు. సీటుకు 36 మంది.

ఇప్పుడు లైసెన్సు లెక్క వేద్దాం. ధరల జోలికి వెళ్లవద్దు; విద్యాసంస్థలకు ధర ఎప్పుడూ తక్కువే, పైగా అది బేరాన్ని బట్టి ఉంటుంది. లైసెన్సుల సంఖ్య చాలు. 10 విడి కంప్యూటర్లు కొంటే 10 విండోస్, 10 ఆఫీసు: మొత్తం 20. రెండు కంప్యూటర్లతో 10 సీట్లు నడిపితే? అప్పటి విండోస్ ఎక్స్‌పీ ఒప్పందం ఒకేసారి ఒక్కరు కూర్చోవడానికే అనుమతిచ్చేది. కాబట్టి నిబంధన ప్రకారం రెండు సర్వరు లైసెన్సులు, 10 క్యాల్స్, 10 టెర్మినల్ క్యాల్స్, 10 ఆఫీసు లైసెన్సులు: మొత్తం 32. యంత్రాలు పది నుంచి రెండుకు తగ్గితే లైసెన్సులు 20 నుంచి 32కు పెరిగాయి! ఇనుములో మిగిల్చినదాన్ని కాగితం కొంత వెనక్కి లాక్కుంటుంది. ఇలాంటి ఉమ్మడి తరగతి గదుల కోసమే మైక్రోసాఫ్ట్ 2010లో మల్టీపాయింట్ సర్వర్ అనే ప్రత్యేక ఉత్పత్తిని తేవలసి వచ్చింది. బడులు పంచుకోవడానికి అలవాటు పడ్డాయని, పాత ఒప్పందం వాటికి నప్పదని కంపెనీయే ఒప్పుకున్నట్టు నేను దీన్ని చదువుతాను.

అయినా ఆ 32లో ఒక మేలు దాగి ఉంది, చూశారా? అవన్నీ సీటు లెక్కలే. 36 మంది పిల్లలు ఒకరి తరువాత ఒకరు అదే సీటులో కూర్చున్నా 10 అన్నది 10గానే ఉంటుంది. మనిషి లెక్కన తీసుకొని ఉంటే ఒక్క ఆఫీసుకే 360 కావలసి వచ్చేది. పరికరం లెక్క, మనిషి లెక్క అన్న ఎంపికలో మెట్ట ప్రాంతపు బడికి పరికరం లెక్కే ప్రాణాధారం.

లైసెన్సులే అక్కరలేని దారి కూడా ఒకటి ఉంది. లినక్స్ మీద ఓపెన్ఆఫీస్ నడిపితే ఆ 32 కాస్తా సున్నా. ఓపెన్ఆఫీస్ మూలరచనను 2000లోనే బహిరంగపరిచారు. 2010లో దాని నుంచి లిబ్రేఆఫీస్ పుట్టింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2005లో తెలుగు ఖతులతో, తెలుగు మెనూలున్న ఓపెన్ఆఫీస్‌తో ఒక సీడీని ఉచితంగా పంచింది. స్వేచ్ఛ అనే తెలుగు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తెచ్చింది. పొరుగున కేరళ తన ఐటీ ఎట్ స్కూల్ కార్యక్రమంలో బడులన్నిటినీ ఈ దారికి మళ్లించింది. మన దగ్గర ఈ దారి ఎందుకు రాజమార్గం కాలేదు? డబ్బు ఒక్కటే కారణమైతే ఎప్పుడో అయ్యేది. కంప్యూటరు చదువు అంటే వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ అన్న భావన పాఠ్యపుస్తకాల్లోనూ, శిక్షణ కేంద్రాల బోర్డుల మీదా స్థిరపడిపోయింది. ప్రభుత్వోద్యోగులకు సర్వీస్ కమిషన్ పెట్టే కంప్యూటర్ ప్రావీణ్య పరీక్షకు తయారయ్యేవారూ నేర్చుకొనేది వాటినే. ఉద్యోగం దగ్గర అడిగేదాన్నే బడిలో నేర్పాలన్నది తల్లిదండ్రుల మాట. ఆ మాటను తప్పుపట్టలేం.

2013లో ఐదేళ్ల గడువు ముగిసింది. తక్కువ జీతాలకు పనిచేసిన కంప్యూటరు బోధకులు ఉపాధి కోల్పోయి రోడ్డెక్కారు. చాలా బడుల్లో ల్యాబు ఉండీ నేర్పేవారు లేని పరిస్థితి వచ్చింది. 2014 ఏప్రిల్ 8న విండోస్ ఎక్స్‌పీకి, 2015 జూలై 14న సర్వర్ 2003కు కంపెనీ మద్దతు కూడా ఆగింది. అప్పగించే పద్ధతిలో ఒక మెలిక మీరు గమనించాలి. డబ్బా, తీగ, తెర చేతులు మారడానికి రిజిస్టరులో సంతకం చాలు. సాఫ్ట్‌వేర్ లైసెన్సు అలా మారదు. ఎవరి పేరున తీసుకున్నారో, బదిలీకి ఒప్పందంలో ఏ షరతులున్నాయో చూడాలి. బీరువాకు ఉన్నట్టు సాఫ్ట్‌వేర్‌కు స్టాకు రిజిస్టరులో గడి ఉండదు.

5. మనిషి వెంట వచ్చే లైసెన్సు

బడుల పథకం నడుస్తుండగానే బయట లోకం మారింది. 2011 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 365ను విడుదల చేసింది. ఇది కొనుగోలు కాదు, చందా. ఒక మనిషి పేర ఖాతా. ఆ మనిషి తన ఐదు కంప్యూటర్ల వరకు ఆఫీసును ఎక్కించుకోవచ్చు. ఇంట్లో ఒకటి, ఆఫీసులో ఒకటి, చేతిలో ల్యాప్‌టాప్ ఒకటి ఉన్నవారికి ఇది వరం. పాత లెక్కలో ఒక యంత్రానికి అనేకమంది మనుషులు. కొత్త లెక్కలో ఒక మనిషికి అనేక యంత్రాలు. ఏది ఎవరి జీవితానికి సరిపోతుందో మీరే పోల్చుకోండి. 2014 ఫిబ్రవరిలో ఆ సంస్థకు అధిపతి అయిన సత్య నాదెళ్ల మన హైదరాబాదులో పుట్టి పెరిగినవారు. ఆయన హయాంలో క్లౌడ్, చందా రెండూ ఆ సంస్థకు వెన్నెముక అయ్యాయి.

అయితే ఐదు యంత్రాల లెక్క ఉమ్మడి సర్వరు దగ్గర పనిచేయదు. వందమంది ఒకే సర్వరులోకి వస్తూ పోతూ ఉంటే అది ఎవరి ఐదింటిలో ఒకటి? ఈ చిక్కుకు 2014 సెప్టెంబరులో ‘షేర్డ్ కంప్యూటర్ యాక్టివేషన్’ అనే పరిష్కారం వచ్చింది. మీరు సర్వరులో ఆఫీసు తెరిచి మీ ఖాతాతో లాగిన్ అయితే, మీకు లైసెన్సు ఉందో లేదో చూసి, ఒక చిన్న టోకెన్ ఫైలును మీ ప్రొఫైల్‌లో ఉంచుతుంది. అది మీ ఐదింటి లెక్కలోకి రాదు. టోకెన్ గడువు 30 రోజులు. ఆలోపు ఇంటర్నెట్ ద్వారా తనంతట తానే కొత్తదవుతుంది. కాకపోతే ఆఫీసు తెరుచుకుంటుంది గాని, ఫైలు చదువుకోవడానికీ ముద్రించుకోవడానికీ తప్ప రాయడానికి ఒప్పుకోదు.

పేరులో ‘షేర్డ్’ అని ఉంది కాబట్టి లైసెన్సును పంచుకోవచ్చని చాలామంది పొరబడతారు. పంచుకొనేది యంత్రాన్ని మాత్రమే. లైసెన్సు ఎవరిది వారికి విడిగా ఉండాలి. అదీ ఏ చందా అయినా చెల్లదు: చిన్న వ్యాపారాలకు అమ్మే ‘యాప్స్ ఫర్ బిజినెస్’కు ఈ సౌకర్యం లేదు, ‘బిజినెస్ ప్రీమియం’కు, ఎంటర్‌ప్రైజ్ తరగతి చందాలకు ఉంది. విద్యాసంస్థలు పిల్లలకు ఉచితంగా ఇచ్చే ‘ఎ1’ ఖాతాతో బ్రౌజరులో వర్డ్ వాడుకోవచ్చు గాని, సర్వరులో ఎక్కించిన పూర్తి వర్డ్ తెరుచుకోదు. కాబట్టి రెండు ఖాతాలూ చూడటానికి ఒకేలా ఉన్నా, ఒకదానితో పని జరిగి మరొకదానితో జరగకపోతే మీరు పాస్‌వర్డు తప్పు కొట్టారని కంగారుపడనక్కరలేదు.

2019 సెప్టెంబరు 30న మైక్రోసాఫ్ట్ విండోస్ వర్చువల్ డెస్క్‌టాప్ సేవను అందరికీ తెరిచింది. 2021లో దాని పేరు అజూర్ వర్చువల్ డెస్క్‌టాప్‌గా మారింది. ఒకే విండోస్ 10ను అనేకమంది ఒకేసారి వాడుకోవడం దీనితో సాధ్యమైంది. ఎక్స్‌పీ నాటి ఒప్పందం వద్దన్నది ఇదే! పని ముగించి బయటికి రాగానే డెస్క్‌టాప్ మరొకరికి పోతుంది; రేపు మీకు వచ్చేది వేరే యంత్రం. అలాంటప్పుడు టోకెన్ ఏ యంత్రంలో ఉందో అక్కడే ఉండిపోతే లాగిన్ అయిన ప్రతిసారీ లైసెన్సు మళ్లీ అడుగుతుంది. అందుకే టోకెన్‌ను, ప్రొఫైల్‌ను మనిషి వెంట తిప్పే ఏర్పాట్లు చేశారు. మగ్గం స్థానంలో మనిషికే ముద్ర పడిందన్నమాట.

6. సీతారామపురం నుంచి చూస్తే

మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. 2017 డిసెంబరులో ప్రారంభమైన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగా పల్లెలకు ఇంటర్నెట్ తీగ లాగింది. అజూర్ సేవలకు చెన్నైలోనే డేటా కేంద్రం ఉంది. సీతారామపురంలో పాత కంప్యూటరు ఒకటి, నిలకడైన ఇంటర్నెట్ ఉంటే చాలు, చెన్నైలో నడిచే కొత్త కంప్యూటరు తెర మీదికి వస్తుంది. పాత యంత్రం పారేయనక్కరలేదు. 2008 నాటి డబ్బా చేసిన పనే ఇది. అసలు కంప్యూటరు పక్క బల్ల మీద కాకుండా పక్క రాష్ట్రంలో ఉంది, అంతే. పంచుకోవడానికి సాంకేతికంగా ఇంతకన్నా అనువైన కాలం లేదు.

లెక్క మాత్రం ఎదురు తిరిగింది. 10 సీట్లు, 360 మంది ఉన్న ఆ పాత బడినే తీసుకోండి. సీటు లెక్కలో 10 ఆఫీసు లైసెన్సులతో గడిచిన చోట మనిషి లెక్కలో 360 ఖాతాలు కావాలి. వారానికి రెండు పీరియడ్లు కూర్చొనే పిల్లవాడికీ, రోజంతా ఎక్సెల్ ముందు ఉండే గుమాస్తాకూ లెక్కలో తేడా లేదు, ఇద్దరూ ఒక్కొక్క తలే. విద్యాసంస్థల ఒప్పందాల్లో విద్యార్థులకు రాయితీలు ఉన్నాయి. కొన్నిట్లో ఉద్యోగుల సంఖ్యను బట్టి లెక్క కట్టి విద్యార్థులను దాని నీడలో చేరుస్తారు. 2019 ప్రాంతంలో బడుల ల్యాబుల కోసం పరికరం లెక్కను మళ్లీ తెచ్చారు కూడా. అంటే ఆ అవసరం తీరిపోలేదు. అయినా పెద్ద మార్పు దిశ స్పష్టం. ఉమ్మడిగా వాడుకోవడం వల్ల వచ్చే పొదుపు ఇప్పుడు యంత్రం దగ్గర మాత్రమే మిగిలింది, సాఫ్ట్‌వేర్ దగ్గర పోయింది. యంత్రం ధర ఏటా తగ్గుతూ, చందా ఏటా కట్టవలసి వస్తున్నప్పుడు ఇది చిన్న నష్టం కాదు.

మరో తేడా మీకు నేరుగా తగిలేది. పెట్టె లైసెన్సు ఉన్న రోజుల్లో మీరు బడి వదిలి వెళ్లినా కంప్యూటరు అక్కడే ఉండేది. అందులోని ఫైలును ఎవరైనా తెరిచి ఇవ్వగలిగేవారు. మనిషి లెక్కలో మీ ప్రవేశం ముగిస్తే ఖాతా ముగుస్తుంది. సంస్థ మీ ఖాతాను తొలగిస్తే, వేరే ఏర్పాటు చేయకపోతే క్లౌడులోని మీ ఫైళ్లు సాధారణంగా 30 రోజులు మాత్రమే నిలుస్తాయి. డిగ్రీ కోసం రాసుకున్న ప్రాజెక్టు నివేదిక, గ్రామ చరిత్ర కోసం సేకరించిన వివరాలు అందులో ఉంటే, ఆఖరి పరీక్ష రాసిన వారంలోనే వాటిని పెన్‌డ్రైవులోకి దించుకోండి. ఓపెన్ డాక్యుమెంట్ రూపంలోనూ ఒక ప్రతి ఉంచుకుంటే లిబ్రేఆఫీస్‌లో ఏ ఖాతా లేకుండానే తెరుచుకుంటుంది.

మీరు చేయవలసిన పని: మీరు చదివిన ఉన్నత పాఠశాలకు వెళ్లి 2008–2013 నాటి కంప్యూటరు ల్యాబు సామగ్రి రిజిస్టరును చూపించమని ప్రధానోపాధ్యాయులను కోరండి. ఎన్ని తెరలు, ఎన్ని అసలు కంప్యూటర్లు నమోదయ్యాయో రాసుకోండి. సాఫ్ట్‌వేర్ పేరు, లైసెన్సుల సంఖ్య ఎక్కడైనా రాసి ఉందేమో వెతకండి. ఆ ఏడాది 8, 9, 10 తరగతుల హాజరు పట్టీల్లోని విద్యార్థుల సంఖ్యను పక్కన వేసి, సీటుకు ఎంతమంది పడ్డారో లెక్కించి, ఆ కాగితాన్ని తదుపరి సంపర్క తరగతికి వెంట తీసుకురండి.